టీవీఎస్ ఫిఫ్టీకి యాభై ఏళ్ళు వస్తున్నాయి, హోసూరు సిద్ధమేనా?

1980లో తమిళనాడులోని హోసూరు ఫ్యాక్టరీ గేటు దాటి బయటికొచ్చిన తొలి టీవీఎస్ ఫిఫ్టీ మొపెడ్లకు 2030లో యాభై ఏళ్ళు నిండుతాయి. ఈ లెక్కకు చట్టంలో ఒక విలువ ఉంది. కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న ద్విచక్ర వాహనాన్ని గానీ కారును గానీ 'వింటేజ్' బండిగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ళ తర్వాత మళ్ళీ చేయించడానికి 5,000 రూపాయలు కట్టాలి. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల పక్కన 'వీఏ' అని వస్తుంది. అలాంటి బండి మీద రోజూ తిరగకూడదు, కానీ ప్రదర్శనకు, వింటేజ్ ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, మరమ్మతుకు రోడ్డెక్కించవచ్చు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వారి పసుపు రంగు 1912 రోల్స్‌రాయిస్‌ను చూసి వచ్చిన వాళ్ళకు వింటేజ్ అనగానే అదే గుర్తొస్తుంది. ఇక ఆ వరసలోకి పాల క్యాన్లు మోసిన బండి, పచ్చగడ్డి మోపులు మోసిన బండి, వెనకాల చేపల బుట్ట కట్టుకుని ఊరూరా తిరిగిన బండి వచ్చి చేరబోతోంది. ఆ రోజుకు హోసూరు, కృష్ణగిరి ఇప్పటి నుంచే సిద్ధం కావాలన్నది నా వాదన. ఏటా ఒక వారాంతం ఈ గడ్డ మీద పుట్టిన పాత బళ్ళను బయటికి తీసి, అవి కొత్తగా ఉన్ననాటి బట్టలు కట్టుకుని, వాటిని నడిపించాలి. అద్దాల వెనక నిలబెట్టి చూపించడం చాలదు, నడిపించాలి.

ఇలాంటి వారాంతానికి లోకంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ ఇంగ్లండులోని గుడ్‌వుడ్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం వాడుకున్న వెస్ట్‌హ్యాంప్‌నెట్ విమానాశ్రయం చుట్టూ ఉన్న దారిని, యుద్ధం అయ్యాక, ఆ ఎస్టేటు యజమాని డ్యూక్ ఆఫ్ రిచ్‌మండ్ రేసు ట్రాకుగా మార్చాడు. 1948 సెప్టెంబరు 18న మొదటి పోటీ జరిగింది. కార్ల వేగం ట్రాకు తట్టుకోలేనంతగా పెరిగిపోవడంతో 1966లో పోటీలు ఆపేశారు. సరిగ్గా యాభై ఏళ్ళకు, 1998 సెప్టెంబరు 18న, ఆయన మనవడు అదే ట్రాకును 'రివైవల్' పేరుతో మళ్ళీ తెరిచాడు. మూడు రోజులు సాగే ఆ వేడుకలో 1948 నుంచి 1966 వరకు అక్కడ పరుగెత్తిన రకం కార్లు, మోటారు సైకిళ్ళే పోటీ పడతాయి. చూడ్డానికి వచ్చేవాళ్ళు కూడా ఆ కాలపు కోట్లు, గౌన్లు, టోపీలు వేసుకుని వస్తారు. ఇప్పుడు అక్కడ పాత బట్టల్ని బాగుచేసుకుని మళ్ళీ కట్టుకోవడం నేర్పే ఏర్పాట్లు కూడా చేస్తున్నారు. గుడ్‌వుడ్‌ను హోసూరులో కట్టాలని నేను అనడం లేదు. మనకు ఆ డ్యూకులూ లేరు, ఆ కార్లూ లేవు, ఉండాల్సిన అవసరమూ లేదు. అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది ఒక్కటే. మూతపడిన ఒక ట్రాకుకు వాళ్ళు ప్రాణం పోసింది ఆ స్థలం సొంత చరిత్రతోనే. అక్కడ పరుగెత్తని బళ్ళకు అక్కడ చోటు లేదు. ఆ పట్టుదలే జనాన్ని ఏటా రప్పిస్తోంది.

దక్షిణాదిలో సరిగ్గా అలాంటి స్థలమే ఒకటి ఉండేది. చెన్నై నుంచి నెల్లూరు వచ్చే దారిలో షోలవరం. అది కూడా రెండో ప్రపంచ యుద్ధకాలపు రన్‌వేనే. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏటా ఫిబ్రవరిలో అక్కడ నడిపిన పందేలకు దేశం నలుమూలల నుంచి రేసర్లు వచ్చేవాళ్ళు. సంస్థానాల రాజుల విదేశీ కార్లతో పాటు, ఇంటి షెడ్డులో తమ చేతులతో మార్చుకున్న బళ్ళు కూడా అదే రన్‌వే మీద పరుగెత్తేవి. 1990లో క్లబ్బు ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకుని అక్కడికి మారింది. గుడ్‌వుడ్ లాగే షోలవరమూ యుద్ధం వల్ల పుట్టి, రేసుల వల్ల పేరు తెచ్చుకుని, ఒకనాడు ఆగిపోయింది. తేడా ఏమిటంటే షోలవరాన్ని తిరిగి తెరిచిన మనవడు రాలేదు. ఆ తర్వాత వేగం మీద మన ప్రభుత్వాలకూ పెట్టుబడిదారులకూ మోజు తగ్గలేదు గానీ, ఆ మోజు దిగుమతి సరుకు మీదికి మళ్ళింది. గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ కోసం బుద్ధ్ ట్రాకు కట్టారు. 2011, 2012, 2013, మూడేళ్ళు పోటీలు జరిగాయి, పన్నుల తగాదాల మధ్య ఆగిపోయాయి. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి. దేశంలో అలాంటి పోటీ అదే మొదటిది. మరుసటి ఏడాది పోటీ రద్దయింది, ఒప్పందం డబ్బు చెల్లింపుల మీద ఏసీబీ కేసు నమోదైంది. ఆ కేసులో తప్పొప్పులు కోర్టులు తేలుస్తాయి, దాని జోలికి నేను పోను. నేను చూస్తున్నది వేరే సంగతి. ఆ పోటీ వెళ్ళిపోయాక ఊరికి మిగిలింది ఏమిటి? డ్రైవర్లు మనవాళ్ళు కారు, ఆ బళ్ళను విప్పి బిగించే విద్య మన చేతికి రాలేదు. అద్దెకు తెచ్చుకున్న పండుగ ఒప్పందం ముగిసిన రోజున తట్టాబుట్టా సర్దుకుని పోతుంది. దాన్ని ఆపే హక్కు మనకు ఉండదు.

హోసూరు సంగతి అలా కాదు. 1970లలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ మొదలైన నాటి నుంచి ఈ ఊరి బతుకు చక్రాలతో ముడిపడింది. 1980లో టీవీఎస్ మొపెడ్ ఫ్యాక్టరీతో పాటే అశోక్ లేలాండ్ లారీ ఫ్యాక్టరీ కూడా ఇక్కడ పని మొదలుపెట్టింది. టీవీఎస్ ఫిఫ్టీ దేశంలో ఇద్దరు కూర్చోగలిగిన తొలి మొపెడ్. అప్పటిదాకా మొపెడ్ అంటే ఒక్క మనిషి బండి. వెనక సీటు రావడంతో అది సంసారం బండి అయింది, వెనక సీటు తీసేసి బరువు కడితే వ్యాపారం బండి అయింది. జపాన్ సుజుకీతో కలిసి 1980లలో ఇండ్-సుజుకీ మోటారు సైకిళ్ళు, తర్వాత షోగన్, సమురాయ్ ఇక్కడే తయారయ్యాయి. కంపెనీ 1982లోనే సొంత రేసింగ్ జట్టు పెట్టుకుంది. జర్మనీ పేరుతో ప్రపంచమంతా తిరిగిన బీఎండబ్ల్యూ 310 మోటారు సైకిళ్ళు పుట్టింది కూడా హోసూరులోనే. అన్నిటికన్నా ఆశ్చర్యం నార్టన్ కథ. 1898లో ఇంగ్లండులో పుట్టిన ఆ కంపెనీ బండి మీదే 1907లో మ్యాన్ ద్వీపంలో జరిగిన మొట్టమొదటి టీటీ రేసులో రెండు సిలిండర్ల తరగతిని రెమ్ ఫౌలర్ గెలిచాడు. మోటారు సైకిల్ పందేల చరిత్రలో అంతకన్నా పాత పేర్లు ఎన్నో లేవు. ఆ నార్టన్‌ను 2020 ఏప్రిల్‌లో టీవీఎస్ కంపెనీ ఒక కోటీ 60 లక్షల పౌండ్లకు కొనేసింది. బ్రిటన్ వాళ్ళు గుండెకు హత్తుకునే రేసు చరిత్రలో ఒక ముక్కకు ఇవాళ యజమాని హోసూరు కంపెనీ. ఈ సంగతి హోసూరు బస్టాండులో నిలబడి అడిగితే ఎంతమంది చెప్పగలరు? చెప్పలేకపోతే తప్పు వాళ్ళది కాదు, చెప్పే సందర్భం ఎవరూ కల్పించలేదు.

ఇది తెలుగు పాఠకులకు ఎందుకు అంటారా? హోసూరు, కృష్ణగిరి, డెంకణికోట, బాగలూరు, సూళగిరి వైపు ఇళ్ళలో తెలుగు వినబడని వీధి అరుదు. తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ కలిసి బతికే జిల్లా ఇది. ఆ ఫ్యాక్టరీల షిఫ్టుల్లో పని చేసిన తొలి తరం ఇప్పుడు రిటైరై ఉంది, వాళ్ళలో ఎందరో తెలుగువాళ్ళు. కాశీ నుంచి కన్యాకుమారి దాకా పోయే పాత ఏడో నంబరు జాతీయ రహదారి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం దాటి, బెంగళూరు మీదుగా వచ్చేది హోసూరు, కృష్ణగిరి గుండానే. ఇవాళ ఈ భాగం నంబరు 44. సీమ లారీ డ్రైవర్లకు కృష్ణగిరి కూడలి సొంత ఊరి సంతంత పరిచయం. ఇక టీవీఎస్ బండిని హోసూరు తయారు చేసింది గానీ, దానికి బతుకునిచ్చింది తెలుగు పల్లెలు. గోదావరి జిల్లాల్లో కొబ్బరి గెలలు, గుంటూరులో మిరప టిక్కీలు, చిత్తూరులో పాలు, తెలంగాణలో కల్లు కుండలు మోసిన బండి అది. దాని పుట్టినిల్లు అక్కడైతే మెట్టినిల్లు ఇక్కడ.

బండిని దాచుకోవాలంటే మ్యూజియం కడితే సరిపోదా, నడిపించడం ఎందుకు అని అడిగేవాళ్ళుంటారు. మ్యూజియం విలువ నాకు తెలుసు. కోయంబత్తూరులో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సుతో మొదలుపెట్టి ఎన్ని యంత్రాలు కనిపెట్టాడో దక్షిణాది అంతటికీ తెలుసు. ఆయన పేరిట ఉన్న ట్రస్టు 2015లో తెరిచిన జీడీ కార్ మ్యూజియం మన దేశంలో చూడదగ్గ చోట్లలో ఒకటి. అయినా యంత్రానికి, విగ్రహానికి తేడా ఉంది. హోసూరు కొండ మీది చంద్రచూడేశ్వరుడి తేరునే చూడండి. ఆ తేరును గాజు గదిలో పెట్టలేదు. ఏటా పండుగకు వేల చేతులు మోకు పట్టి లాగుతాయి. లాగాలి కాబట్టి ముందే చక్రం చూస్తారు, ఇరుసు చూస్తారు, పుచ్చిన చెక్క తీసి కొత్త చెక్క వేస్తారు. ఆ పని తెలిసిన వడ్రంగి, కమ్మరి ఇంకా మిగిలి ఉన్నారంటే తేరు ఏటా కదులుతుంది గనకే. లాగడం ఆగిన తేరు ఏ ఊళ్ళోనైనా పదేళ్ళలో చెదలకు పోతుంది, దాంతో పాటు ఆ పనివాళ్ళ వంశమూ పోతుంది. పాత బండి కథా అంతే. టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోలులో ఎంత ఆయిల్ కలపాలో కొలత లేకుండా చెప్పేవాడు, కార్బురేటర్ శబ్దం విని జెట్ మూసుకుపోయిందని పసిగట్టేవాడు, పాయింట్ల మధ్య సందు వేలితో తడిమి సరిచేసేవాడు, చక్రం తిప్పి చూసి స్పోకులు బిగించి ఊగు తీసేవాడు, సీజైన పిస్టన్ తీసి రీబోరుకు పంపేవాడు, ఈ మెకానిక్కులంతా అరవై దాటుతున్నారు. వాళ్ళ షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడికి ఇప్పుడు స్కానర్ తగిలించి కోడు చదవడం వస్తుంది, అది మంచిదే. కానీ పాత విద్య ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. బండి నడిచే రోజు ఒకటి ఏటా ఉంటేనే దాన్ని సిద్ధం చేసే చేతులకు పని, గౌరవం, శిష్యుడు దొరుకుతారు.

నడిపించుకోక, దాచుకోక పోగొట్టుకున్న అనుభవం తెలుగు గడ్డకు ఉంది. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ ఏం చేయలేదు? బస్సుల బాడీలు కట్టింది, ఇంటింటికీ ఫ్రిజ్‌లు ఇచ్చింది, చేతి గడియారాలు చేసింది. పుష్పక్ స్కూటరు మీదా దాని పేరే ఉండేది. 1990లలో సంస్థ ముక్కలైపోయింది. ఈ తరం హైదరాబాదీని అడిగితే ఆల్విన్ అంటే కూకట్‌పల్లి దగ్గర ఒక కాలనీ పేరు అంటాడు. ఆ కంపెనీ తయారీ చరిత్రను తీరిగ్గా చెప్పే చోటు ఒక్కటీ కనబడదు. పుష్పక్ స్కూటరు నడిచే స్థితిలో చూపించమంటే ఎవరి గుమ్మం తట్టాలి? హోసూరుకు అదృష్టవశాత్తూ ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి, చేసిన చేతులు బతికున్నాయి, బళ్ళూ పల్లెల్లో ఇంకా దొరుకుతున్నాయి. ఈ మూడూ ఒకేసారి ఉండే కాలం ఎక్కువ రోజులు నిలవదు.

బట్టల మాట ఎత్తితే కొందరు ముఖం చిట్లిస్తారు. చరిత్ర అంటూ ఫ్యాషన్ షో ఏమిటంటారు. మన దేశంలో బట్టకూ బండికీ ఉన్న సంబంధం ఎంత గట్టిదంటే అది చట్టంలోకే ఎక్కింది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది చదవండి. మోటారు సైకిల్‌కు వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఆధారం ఉండాలి, వాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పాలి. మనం చీర గార్డు అని పిలిచేది దీన్నే. ఐరోపాలో గీసిన బండి బొమ్మ ఇక్కడికొచ్చాక చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే ఆడమనిషి కోసం తన ఆకారం మార్చుకుంది. ఆ తర్వాత 1990లలో స్కూటీ వచ్చింది, అదీ హోసూరు కంపెనీదే. గేర్లు లేవు, కాళ్ళ ముందు చోటుంది, బరువు తక్కువ. చిన్న పట్టణాల ఆడపిల్లలు కాలేజీకి, ఉద్యోగానికి తామే బండి నడుపుకుంటూ వెళ్ళడం అప్పటి నుంచే ఎక్కువైంది. పరికిణీ ఓణీ తగ్గి పంజాబీ డ్రెస్సు పెరగడానికీ ఈ బండికీ సంబంధం లేదని ఎవరూ అనలేరు. తెలుగులో ఆడపిల్లలు నడిపే ఏ స్కూటరునైనా స్కూటీ అనే అంటున్నాం, కంపెనీ ఏదైనా సరే. లారీ డ్రైవరు ఖాకీ చొక్కా, ఫ్యాక్టరీ యూనిఫారం, 1980ల టెరికాటన్ ప్యాంటు, సఫారీ సూటు, నాన్న పెళ్ళికి కొన్న టైటన్ గడియారం, ఇవన్నీ ఆ బళ్ళ కాలపు వేషమే. ఆ టైటన్ గడియారాలు కూడా హోసూరులోనే పుట్టాయి. పట్టుపురుగుల జన్యు సంపదను భద్రపరిచే కేంద్ర పట్టు మండలి సంస్థ హోసూరులో ఉంది, చుట్టూ మల్బరీ తోటలున్నాయి. ఇంతటి ఊరికి బట్టల చరిత్ర చెప్పుకోవడం పరాయి విషయం ఎలా అవుతుంది? మోడళ్ళను తెప్పించి వేదిక ఎక్కించమని నేను అడగడం లేదు. ట్రంకు పెట్టెలో మడతలు పడి ఉన్న అమ్మమ్మ వాయిల్ చీరను స్టీలు సామాన్లవాడికి వేసేయకుండా, ఆ రెండు రోజులూ మనవరాలు కట్టుకుని రావాలన్నదే నా కోరిక.

ఇక బలమైన అభ్యంతరాలకు వద్దాం. మొదటిది ప్రమాదం. హోసూరు, కృష్ణగిరి మధ్య హైవే మీద ఎన్ని ప్రాణాలు పోతున్నాయో తెలిసినవాళ్ళకు బళ్ళ పందెం అనే మాటే భయం పుట్టిస్తుంది. పైగా జనం, పందెం కలిస్తే ఏమవుతుందో 2023 ఫిబ్రవరి 2న ఈ జిల్లానే చూసింది. హోసూరు దగ్గర గోపసంద్రంలో ఎద్దులను పరుగెత్తించే పండుగకు అనుమతి ఆలస్యమైందని జనం హైవేను దిగ్బంధించారు, బస్సుల మీద రాళ్ళు పడ్డాయి. ఈ భయం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయను. కానీ ఆ ఘటన చెప్పే పాఠం పండుగను మానుకోమని కాదు, అనుమతి, నియమం, బాధ్యత ముందే తేలాలని. వేగానికి విరుగుడు కూడా ఉంది. ఇటలీలో 1927 నుంచి జరిగిన మిల్లె మిల్యా రోడ్డు రేసును, 1957లో ఒక కారు జనం మీదికి దూసుకుపోయి పిల్లలతో సహా పలువురు చనిపోయాక ఆపేశారు. 1977లో దాన్ని మళ్ళీ మొదలుపెట్టినప్పుడు నియమం మార్చారు. ఎవరు ముందు వచ్చారన్నది లెక్క కాదు. ఫలానా దూరాన్ని చెప్పిన సమయానికి, ముందూ వెనకా కాకుండా, ఎవరు చేరారన్నదే గెలుపు. లండన్ నుంచి బ్రైటన్‌కు 1905కు ముందటి కార్లతో ఏటా సాగే యాత్ర అయితే పందెమే కాదు, గమ్యం చేరడమే ఘనత. హోసూరులో జరగాల్సింది ఇలాంటిదే. గంటకు ముప్పై కిలోమీటర్లు దాటకుండా, నలభై ఏళ్ళ బండిని ఒకే పట్టున నడిపి, ప్రతి చుట్టూ ఒకే సమయంలో ముగించడానికి చేతిలో పని ఉండాలి, చెవికి ఇంజను భాష తెలియాలి. అర్ధరాత్రి హైవే మీద ప్రాణాలతో ఆడుకునే కుర్రాళ్ళకు నైపుణ్యం అంటే ఇదని చూపించడానికి ఇంతకన్నా మంచి వేదిక నాకు తోచడం లేదు.

రెండో అభ్యంతరం పొగ. దేశమంతా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 ప్రమాణాలకు మారింది. కృష్ణగిరి జిల్లాలోనే పోచంపల్లిలో ఓలా, హోసూరులో ఏథర్ విద్యుత్ స్కూటర్లు చేస్తున్నాయి. ఇలాంటి చోట నీలి పొగ చిమ్మే టూ స్ట్రోక్ బళ్ళను తిరిగి బయటికి తీయడం వెనకబాటు కాదా? ఆ పొగ చెడ్డదే, దాన్ని రోజువారీ వీధి నుంచి తప్పించడం సరైన నిర్ణయమే. ఏడాదికి రెండు రోజులు, లెక్కపెట్టిన బళ్ళు, లెక్కపెట్టిన చుట్లు తిరిగితే వచ్చే పొగ, అదే హైవే మీద ఒక పూట లారీల క్యూ వదిలే పొగ ముందు ఏ మూలకూ రాదు. అక్కడితో ఆగనక్కర లేదు కూడా. గుడ్‌వుడ్ 2024 రివైవల్‌లో రేసులన్నీ ముడి చమురు మీద ఆధారపడని ఇంధనం ప్రధానంగా కలిసిన పెట్రోలుతో నడిపింది. మన దగ్గర ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు వచ్చేసింది. పాత బళ్ళ రబ్బరు పైపులు, సీళ్ళు దానికి పాడవుతున్నాయన్న బాధ మెకానిక్కులది. ఆ రబ్బరుకు బదులు ఏం వాడాలో, పాత కార్బురేటర్‌ను ఎలా సర్దుబాటు చేయాలో తేల్చే ప్రయోగశాలగా ఈ వారాంతాన్ని మార్చవచ్చు. హోసూరు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకు ఇంతకన్నా సజీవమైన ప్రాజెక్టు ఏముంది? పక్కనే విద్యుత్ స్కూటరును నిలబెట్టి, 1980 నుంచి నేటి వరకు ఒకే జిల్లాలో బండి ఎలా మారిందో చూపించాలి. ఆ రెండింటి మధ్య ఉన్న నలభై ఏళ్ళ కథ మన దేశంలో మరో జిల్లా చెప్పడం కష్టం.

మూడోది డబ్బు, భూమి. ఉద్దనపల్లి చుట్టుపక్కల రైతులు సిప్‌కాట్ భూసేకరణ వద్దని నెలల తరబడి కూర్చున్న జిల్లా ఇది. ఇక్కడ రేసు ట్రాకు కోసం ఒక్క ఎకరం అడిగినా నేను ఆ రైతుల పక్కనే నిలబడతాను. కొత్త ట్రాకు అక్కర్లేదు. ఫ్యాక్టరీల లోపల పరీక్షల ట్రాకులున్నాయి, బెళగొండపల్లిలో ప్రైవేటు రన్‌వే ఉంది, ఆదివారం ఖాళీగా ఉండే పారిశ్రామికవాడ రోడ్లున్నాయి. కృష్ణగిరిలో ఏటా జరిగే మామిడి ప్రదర్శన జిల్లా యంత్రాంగానికి జనాన్ని రప్పించడం, రద్దీని నడిపించడం నేర్పింది. ఖజానా నుంచి తీయాల్సింది పోలీసు బందోబస్తు, అంబులెన్సు ఖర్చే. మిగతాది కంపెనీలు భరించాలి. కంపెనీలు డబ్బు పెడితే ఇది వాళ్ళ ప్రచారం అయిపోదా అన్నది కూడా న్యాయమైన సందేహమే. అందుకే షరతు ముందే ఉండాలి. జెండాలు కట్టుకోవాలంటే బదులుగా పాత డ్రాయింగులు, విడిభాగాల పట్టికలు, తొలినాటి ఫోటోలు బయట పెట్టాలి. ఆ అసెంబ్లీ లైన్ల మీద పని చేసిన రిటైరైన కార్మికులను పేరు పేరునా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టాలి, వాళ్ళ మాటలు వాళ్ళ భాషల్లో రికార్డు చేయాలి. మైకులో ప్రకటనలు తమిళంలో, తెలుగులో, కన్నడంలో వినిపించాలి. ప్రవేశం టికెట్ ధర హోసూరు సంతకు వచ్చే రైతు ఇవ్వగలిగినంతే ఉండాలి. వింటేజ్ సంబరాలు మన దేశంలో ఇప్పటిదాకా ఎక్కువగా రాజుల కార్లు, కోటీశ్వరుల గ్యారేజీల చుట్టూ తిరిగాయి. వాటి మీద నాకు కోపం లేదు, కానీ అది దేశం నడిచిన చక్రాల కథలో చిన్న ముక్క. పెద్ద ముక్క హోసూరు దగ్గర ఉంది.

ఇందులో ప్రభుత్వం వెంటనే సరిదిద్దాల్సిన తప్పు ఒకటుంది. 2021 వింటేజ్ నిబంధనలు ద్విచక్ర వాహనాలకూ వ్యక్తిగత కార్లకూ మాత్రమే వర్తిస్తాయి. లారీ, బస్సు, ఆటో వాటి పరిధిలో లేవు. అంటే రోల్స్‌రాయిస్‌కు వారసత్వం ఉంది, అశోక్ లేలాండ్ లారీకి లేదు. మరోపక్క పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతోంది, వాటిలో ఆర్టీసీ బస్సులూ ఉన్నాయి. పాడైన బస్సు రోడ్డు మీద ఉండకూడదన్నది ఒప్పుకోవలసిందే. కానీ ఒక్కో తరానికి ఒక్క బస్సును, ఒక్క లారీని అయినా బతికించి ఉంచే దారి చట్టంలో ఉండాలి కదా. ఒక తరం పల్లెను పట్నానికి చేర్చింది ఎర్రబస్సు, పంటను మార్కెట్‌కు చేర్చింది లారీ. వాటిని తుక్కుకు పంపి, వాటి యజమాని ఎక్కి తిరిగిన కారును మాత్రం దాచుకునే దేశం తన చరిత్రను సగమే దాచుకున్నట్టు. హోసూరు, కృష్ణగిరి ప్రజాప్రతినిధులు ఢిల్లీలో ఈ ఒక్క సవరణ అడిగినా చాలు, అది దేశమంతటికీ మేలు చేస్తుంది.

2030కి మిగిలిన కాలం తక్కువ. అప్పటిదాకా చేయగలిగిన పని ఈ పత్రిక చదివేవాళ్ళందరి చేతిలో ఉంది. మీ ఊరి పశువుల కొట్టంలోనో, మేడ మెట్ల కిందో, మెకానిక్ షెడ్డు వెనకో 1980ల నాటి టీవీఎస్ ఫిఫ్టీ, ఇండ్-సుజుకీ ఏది పడి ఉన్నా దాన్ని పాత ఇనుము కొట్టుకు తూకానికి వేయకండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రాసి పెట్టుకోండి. ట్యాంకులో పాత పెట్రోలు ఒంపేసి, తడి తగలని చోట నిలబెట్టండి. అన్నిటికన్నా ముందు, ఆ బండి ఆర్సీ పుస్తకం ఎక్కడుందో ఇవాళే వెతికి భద్రం చేయండి. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ ఉండేది అందులోనే.